షుగర్ ఉన్న పెద్దావిడకు రోష్ హషానా తేనె, యోమ్ కిప్పుర్ ఉపవాసం: ఎంతవరకు సర్దుకోవచ్చు?

ప్రశ్న (హైఫా నుంచి):

నమస్కారం. నేను హైఫాలో ఒక యూదు కుటుంబంలో పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. ఆవిడకు 82 ఏళ్లు. చిన్నతనంలోనే మొరాకో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వారిది. ఇంట్లో అందరూ సఫ్తా, అంటే నాయనమ్మా అని పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడకు చాలా కాలంగా టైప్ 2 మధుమేహం ఉంది. ఉదయం మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు, రాత్రి పడుకునే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ వాడుతున్నారు. మామూలు రోజుల్లో వంట నా చేతిలో ఉంటుంది, భోజనం వేళకు జరుగుతుంది కనుక షుగర్ అదుపులోనే ఉంటుంది.

చిక్కంతా పండుగలతోనే వస్తోంది. యూదుల కొత్త సంవత్సర పండుగ రోష్ హషానా రెండు రోజులూ కొడుకులు, కోడళ్లు, మనవలు వస్తారు. బల్ల నిండా తేనె, ఆపిల్ ముక్కలు, ఖర్జూరాలు, ఎండుద్రాక్ష వేసిన గుండ్రటి హల్లా రొట్టె, ఉల్లిపాయలూ ఎండుద్రాక్షా తీయగా మగ్గబెట్టి పైన వేసిన కుస్‌కుస్ (గోధుమ రవ్వ వంటకం) ఉంటాయి. కొత్త సంవత్సరం తీయగా గడవాలంటే తేనె తినాల్సిందేనని ఆవిడ పట్టు. "అమ్మకు తీపి పెట్టవద్దు" అని పిల్లలు వంటింట్లోకి వచ్చి నాకు చెబుతారే తప్ప ఆవిడ ఎదుట ఒక్కరూ నోరు విప్పరు.

ఆ తరువాత తిష్రీ మాసం పదో రోజున ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ వస్తుంది. మంచినీళ్లు కూడా ముట్టకుండా దాదాపు 25 గంటలు ఉండాలి. పన్నెండో ఏట మొదలుపెట్టిన ఉపవాసాన్ని ఇంతవరకు ఏ ఏడాదీ మానలేదని ఆవిడ గర్వంగా చెప్పుకుంటారు. డాక్టరు ఈసారి ఖండితంగా వద్దన్నారు. "ఆయనకు మందుల సంగతి తెలుసు, దేవుడి సంగతి ఏం తెలుసు?" అన్నది సఫ్తా జవాబు. ఆవిడ మనసు కష్టపెట్టకుండా, ప్రాణం మీదికి రాకుండా ఈ పండుగలు గట్టెక్కే మార్గం అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (రామత్ గాన్ నుంచి, ఇదే పనిలో ఉన్నవారు):

చెల్లెమ్మా, మొదట రోష్ హషానా సంగతి చూద్దాం. అది మీరనుకున్నంత కష్టం కాదు. ఆ రాత్రి బల్ల మీద పెట్టే శుభసూచక పదార్థాలకు మూలం యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తల్మూద్‌లో ఉంది. అందులో చెప్పినవి అయిదు: సొరకాయ జాతి కాయ, అలసందలు, లీక్ అనే ఉల్లికాడ, బీట్ ఆకుకూర, ఖర్జూరం. (అలసందలు కావు మెంతులు అనేవారూ ఉన్నారు.) గమనించండి, అయిదింటిలో తీపిది ఒక్కటే. తేనెలో ముంచిన ఆపిల్ తరువాతి కాలంలో వచ్చి చేరిన ఆచారం. మొరాకో కుటుంబాల్లో ఒక్కొక్క పదార్థాన్నీ చేతికి తీసుకుని, దానికి తగిన చిన్న ప్రార్థన చెప్పి తినే పద్ధతి ఇప్పటికీ బలంగా ఉంది కనుక మీ పని సులువు. తేనె తీసేయకండి, తక్కినవాటి పాలు పెంచండి. సొరకాయ కూర, అలసందల గుగ్గిళ్లు, వెల్లుల్లి వేసి వేయించిన బీట్ ఆకు పెద్ద పళ్లేల్లో ముందుగా బల్ల మీదికి వస్తే, రొట్టె, కుస్‌కుస్ వచ్చేసరికి సగం ఆకలి తీరి ఉంటుంది.

తేనె గిన్నెను మాత్రం చేతులు మారనివ్వవద్దు. గిన్నె తిరిగితే ఎవరు ఎన్నిసార్లు ముంచారో లెక్క ఉండదు. నేను ఒక ఆపిల్‌ను పల్చటి ముక్కలుగా కోసి, సాసర్లో విసనకర్రలా పేర్చి, పైన ఒకే ఒక చెంచా తేనె సన్నని ధారగా పోసి, పెద్దావిడ ముందు ఆవిడకంటూ విడిగా పెడతాను. ప్రతి ముక్కకూ తేనె అంటుతుంది, చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఇంటి పెద్ద కాబట్టి తన సాసరు తనకు రావడాన్ని మర్యాదగానే తీసుకుంటారు.

బజారు సరుకుల విషయంలో, 2020 నుంచి ఇక్కడ చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు ఎక్కువగా ఉన్న పొట్లాల మీద ఎర్రటి గుర్తులు వేస్తున్నారు. హిబ్రూ చదవడం రాకపోయినా ఆ గుర్తు చూసి పక్కన పెట్టేయవచ్చు.

జవాబు 2 (బేర్షెబా నుంచి):

ఇంత ఆలోచన ఎందుకండీ? తేనెకు బదులు సిలాన్ అనే ఖర్జూరపు పాకం, మామూలు కేకుకు బదులు షుగర్ ఫ్రీ కేకు కొనండి. మా ఇంట్లో అలాగే చేస్తున్నారు.

జవాబు 3 (పోషకాహార నిపుణురాలు):

పై సలహాతో నేను ఏకీభవించలేను. సిలాన్ కూడా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చక్కెరల పాకమే, మధుమేహానికి తేనె కంటే మేలు చేసేదేమీ కాదు. షుగర్ ఫ్రీ కేకులో చక్కెర లేకపోయినా మైదా ఎక్కడికీ పోదు. చాలావాటిలో వాడే మాల్టిటాల్ షుగర్‌ను కొంతవరకు పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ పేరు చూసి రెండు ముక్కలు తినడం కంటే అసలు కేకు ఒక చిన్న ముక్క తిని ఆపడం నయమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారికి కొన్ని లెక్కలు చెబుతాను. ఒక చెంచా తేనెలో సుమారు 6 గ్రాముల పిండిపదార్థాలు, మధ్యరకం ఆపిల్‌లో 25, పెద్ద మెజూల్ ఖర్జూరం ఒక్కదానిలో 18, ఉడికించిన కుస్‌కుస్ ఒక కప్పులో 35 గ్రాముల పైచిలుకు ఉంటాయి. అంటే అందరూ భయపడే తేనె కంటే ఎవరూ పట్టించుకోని కుస్‌కుస్ గట్టిది. రామత్ గాన్ అక్కగారు చెప్పిన సాసరులో ఆపిల్ సగం వాడితే 20 గ్రాముల లోపే తేలుతుంది. దానికి తగ్గట్టు ఆ పూట కుస్‌కుస్‌ను పావు కప్పుకు దించి, మాంసం, కూరలు పెంచండి. ఖర్జూరం ప్రార్థనకు సగం ముక్క చాలు.

తీపి కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది భోజన వేళ. రోష్ హషానా ఉదయం సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) ప్రార్థనలు, షోఫార్ కొమ్ము ఊదడం ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. షోఫార్ వినేదాకా ఏమీ తినకూడదనే అలవాటు చాలామందికి ఉంది. గ్లిమెపిరైడ్ ఈ ఆలస్యాన్ని ఎరగదు. కడుపులో తిండి ఉన్నా లేకున్నా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది కనుక, ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని సినగాగ్‌లో కూర్చున్న పెద్దవారికి పదకొండు గంటల వేళ చెమటలు, వణుకు, తికమక మొదలుకావచ్చు. అనారోగ్యం ఉన్నవారు ముందుగా తినడానికి మతపరమైన అభ్యంతరం లేదు కాబట్టి, పెరుగో గుడ్డో పెట్టి ఆ తరువాతే మాత్ర ఇవ్వండి. పెసహ్ పండుగ సేదర్ రాత్రి (పండుగ విందు రాత్రి) కూడా ఇదే చిక్కు వస్తుంది. చదవాల్సిన కథ అంతా చదివాక గాని అసలు భోజనం రాదు, ఆలోగా ద్రాక్షసారా రెండు గ్లాసులు పడతాయి. మద్యం కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదలను అణచివేస్తుంది. ఇన్సులిన్ వాడేవారికి తెల్లవారుజామున షుగర్ పడిపోయే ప్రమాదం అక్కడే ఉంది.

యోమ్ కిప్పుర్ గురించి వైద్యపరంగా నాకు సందేహం లేదు. 82 ఏళ్ల వయసు, గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ కలిసిన చోట పూర్తి ఉపవాసం వద్దన్న డాక్టరు మాట సరైనది. వారి మందుల మోతాదు ఆ రోజుకు ఎలా మార్చాలో ఆయన చేతనే కాగితం మీద రాయించుకోండి. మీరుగా ఏదీ ఆపవద్దు, పెంచవద్దు. ఇతరుల కోసం ఒక మాట: ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు తిండీ నీళ్లూ మానేస్తే, షుగర్ అంకె మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంది, వాటిని ఉపవాసానికి ముందే ఆపడం గురించి తప్పక అడగాలి.

జవాబు 4 (జెరూసలేం నుంచి, యూదు కుటుంబపు కోడలు):

నేను పెళ్లికి ముందు యూదు మతం స్వీకరించి, ఆచారాలు నిష్ఠగా పాటించే ఇంట్లో కోడలిగా ఉన్నాను. డాక్టరుకు దేవుడి సంగతి తెలియదన్న సఫ్తా గారికి వారి శాస్త్రంలోనే జవాబు ఉంది. యోమ్ కిప్పుర్ నియమాలు చెప్పే యోమా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో, తెలిసినవారి మాట మీద రోగికి అన్నం పెట్టాలని, అటువంటివారు లేకపోతే రోగి తన నోటితో చాలు అనేవరకు పెట్టాలని మిష్నా (తల్మూద్‌కు ఆధారమైన మూల పాఠం) చెబుతుంది. దాని మీద తల్మూద్ చేసిన చర్చ ఇంకా సూటిగా ఉంటుంది. రోగి తినాలి అంటూ, వైద్యుడు అక్కరలేదంటే రోగి మాటే వినాలి. వైద్యుడు తినాలి అంటూ, రోగి వద్దంటే వైద్యుడి మాటే వినాలి. ఇద్దరిలో ఎవరు తినాలన్నా తినడమే నెగ్గుతుంది. ప్రాణరక్షణ విషయంలో రాజీ లేదనే ఈ సూత్రాన్ని పికూఆహ్ నెఫెష్ అంటారు. ఉపవాసం వల్ల ప్రాణాపాయం ఉన్నవారికి ఆ రోజు తినడం దైవాజ్ఞను మీరడం కాదు, పాటించడమే.

అదే అధ్యాయంలో విపరీతమైన ఆకలి ముంచుకొచ్చి కళ్లు మసకబారిన మనిషి ప్రస్తావన కూడా ఉంది. కళ్లు తేటపడేవరకు అతనికి ఏది దొరికితే అది పెట్టమన్నారు. తేనె, తీపి పదార్థాలు పెట్టమని తల్మూద్ చేర్చింది. షుగర్ 70 కంటే పడిపోయినవారికి ఇప్పుడు మనం చేస్తున్నదీ దాదాపు అదే.

అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఆవిడ ఒప్పుకోరు. పండుగకు ముందే కొడుకు చేత వారి సినగాగ్ రబ్బీకి (మతగురువుకు) ఫోన్ చేయించి, డాక్టరు రాసిన కాగితం చూపించి, రబ్బీయే స్వయంగా ఆవిడతో మాట్లాడేలా చూడండి. ఉపవాసం పూర్తిగా వదిలేయమంటారా, కొలతల ప్రకారం కొద్దికొద్దిగా తినమంటారా అన్నది ఆయన చెబుతారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పెద్ద కొడుకు రబ్బీ గారితో మాట్లాడించారు. సఫ్తా చాలాసేపు వాదించారు, కాస్త కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు, చివరికి సరేనన్నారు. డాక్టరు కూడా అంగీకరించడంతో కొలతల ప్రకారం తినమని రబ్బీ చెప్పారు. ఆ కొలతలు ఎలా పాటించాలో, సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు ఏం పెట్టాలో వివరంగా చెప్పగలరా?

జవాబు 4 మళ్లీ:

మంచి కబురు. సాధారణంగా పాటించే లెక్క ఇది, మీ రబ్బీ వేరుగా చెబితే ఆయన మాటే ప్రమాణం. తిండి ఒక్కసారికి సుమారు 30 మిల్లీలీటర్ల గిన్నెలో పట్టేంత, ఒక విడతకూ మరో విడతకూ మధ్య 9 నిమిషాల ఎడం. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల ప్లాస్టిక్ కప్పు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. నీళ్లు ఒక బుగ్గ నిండేదానికంటే తక్కువ ఉండాలి. అది మనిషిని బట్టి మారుతుంది కనుక, ముందు రోజు ఆవిడ చేత ఒక బుగ్గ నిండా నీళ్లు పట్టించి, కప్పులో ఉమ్మించి కొలిచి, ఆ గీతకు కాస్త కిందుగా గుర్తు పెట్టుకోండి. తిండి, పానీయం లెక్కలు వేరువేరు; ఒకదానితో ఒకటి కలవవు కనుక ఒకే విడతలో రెండూ ఇవ్వవచ్చు. గంటకు ఆరు విడతలు వేసినా 180 మిల్లీలీటర్ల తిండి లోపలికి వెళుతుంది, అది తక్కువేమీ కాదు. ఉడికిన గుడ్డు, పెరుగు, మెత్తటి రొట్టె వంటివి ముందే కొలిచి చిన్న డబ్బాల్లో సర్దిపెట్టండి. షుగర్ పడిపోతే మాత్రం కొలతలన్నీ పక్కన పెట్టి వెంటనే చక్కెర నీళ్లు పట్టించాలి, తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ నంబరు 101కు ఫోన్ చేయాలి. ఇది కూడా రబ్బీ చేత ముందుగానే చెప్పించండి, ఆ క్షణంలో వాదన ఉండదు.

జవాబు 3 మళ్లీ:

షుగర్ పరీక్ష రెండు మూడు గంటలకొకసారి చేయండి. 70 కంటే తగ్గినా, 300 దాటినా రాత్రి వరకు ఆగకుండా డాక్టరును సంప్రదించండి. ఉపవాసం విడిచేటప్పుడు మొరాకో కుటుంబాల్లో హరీరా చారు తాగడం అలవాటు. అందులో శనగలు, పప్పు ఉంటాయి కనుక కేకు, జ్యూస్ కంటే ముందు ఒక గిన్నెడు అదే ఇవ్వండి. నీళ్లు కొద్దికొద్దిగా పట్టించండి. రాత్రి ఇన్సులిన్ ఇచ్చేముందు మరోసారి పరీక్షించి, డాక్టరు రాసిచ్చిన మోతాదుతో సరిచూసుకున్నాకే సూది వేయండి.