మా బాబుకి ఫ్లాట్ ఫీట్ (అరికాలికి వంపు లేకపోవడం), ఇన్‌సోల్స్ (బూట్లలో పాదం కింద పెట్టే మెత్తలు) కొనాలా ఆగాలా?

మా బాబుకి మొన్ననే 5 నిండాయి. స్నానం చేసి తడికాళ్లతో గచ్చు మీద నడిచొస్తే చూశాను, అడుగు మొత్తం అచ్చు పడింది, మధ్యలో ఖాళీయే లేదు, అప్పటినుంచి ఒకటే టెన్షన్. చెప్పులు కూడా లోపలి వైపే అరుగుతున్నాయి. డాక్టర్‌కి చూపిస్తే మునివేళ్ల మీద నిలబడమన్నారు, నిలబడగానే అరికాలి వంపు చక్కగా కనిపించింది. ఇలా వంపు వస్తే కంగారు లేదు, చాలామంది పిల్లలకి 10 ఏళ్లలోపు దానంతటదే సర్దుకుంటుంది, నొప్పి లేకపోతే ఏ వైద్యమూ అక్కర్లేదన్నారు. ఇంకో చోట మాత్రం వెంటనే ఇన్‌సోల్స్ వేయాలి, లేకపోతే మోకాళ్లు పాడవుతాయని భయపెట్టి 6 వేలు అవుతుందన్నారు. నేను చదివినంతలో అవి నొప్పి తగ్గిస్తాయేమో గానీ వంపు తెప్పించవు.

కానీ వారం నుంచి రాత్రిళ్లు పిక్కలు నొప్పి అని ఏడుస్తున్నాడు, నూనె రాసి కాసేపు ఒత్తితే గానీ పడుకోవట్లేదు. ఇది పాదాల వల్లా, రోజంతా పరిగెత్తినందుకా? మీ పిల్లలకి ఇలా ఉంటే ఏం చేశారు? పిక్కలు సాగదీసే వ్యాయామాలు, ఇసుకలో చెప్పుల్లేకుండా నడిపించడం ఏమైనా పనిచేశాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.