రెండో పార్ట్‌లో పాత హీరోని చంపేస్తే ఇంక ఆడబుద్ధి అవుతుందా?

బత్తాయి_తోట:
అన్నలూ, నల్లగొండ నుంచి. సంక్రాంతి సెలవుల్లో బావ వాళ్లింట్లో లాస్ట్ ఆఫ్ అస్ అనే వీడియో గేమ్ మొదటి భాగం పూర్తి చేశాను. మూడు డౌట్లు. ఒకటి, రెండో దాంట్లో జోయెల్‌ని మొదట్లోనే చంపేస్తారట, నిజంగా అది కథకి అవసరమా? రెండు, నా కంప్యూటర్‌లో 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, నడుస్తుందా? మూడు, తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్న కథ గేమ్ ఏదైనా ఉందా? నేను ఆడుతుంటే అమ్మ పక్కన కూర్చుంటుంది, "ఏమంటున్నాడు రా వాడు" అని అడుగుతూనే ఉంటుంది.

టవర్‌కాడి_శీను:
తమ్మీ, నాకు క్లాక్ టవర్ దగ్గర ప్లేస్టేషన్ షాపు ఉండేది. ఆ గేమ్ 2020 జూన్ 19న వచ్చింది. కరోనా టైమ్, పోరలు ఎవరూ రారు. షట్టర్ సగం దించి ఒక్కణ్నే ఆడాను. జోయెల్‌ని గోల్ఫ్ కర్రతో కొట్టి చంపిన ఆ ఆబీనే సగం గేమ్ తర్వాత నా చేతికిచ్చారు. కోపమొచ్చి రెండు రోజులు ముట్టలేదు. మళ్లీ పెడితే ఒక కుక్క, పేరు ఆలిస్, తోకాడించుకుంటూ ఆబీ వెంట వస్తోంది. దాన్ని అంతకుముందే, జోయెల్ కూతురిలా చూసుకున్న ఎల్లీగా ఆడుతూ నేనే బటన్ నొక్కి చంపాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.
తర్వాత షాపు తెరిచాక ఒక పిల్లగాడు నా సేవ్ మీదే కొత్త గేమ్ మొదలుపెట్టాడు. ముప్పై గంటల ఆట పోయింది. గంటకి నలభై రూపాయలు కదా, కథ వచ్చే సీన్లన్నీ స్కిప్, స్కిప్. కథ గేములు షాపుకి అచ్చిరావు.

పాలమూరు_పిట్ట:
చంపడం తప్పు కాదు అన్నా, హడావిడిగా చంపడం తప్పు. హీరో చావు ఎట్లా రాయాలో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 చూసి నేర్చుకోవాలి. అందులో దొంగల ముఠా క్యాంపులో స్ట్రాస్ అనే వడ్డీ వ్యాపారి ఉంటాడు, బాకీలు వసూలు చేయడానికి హీరో ఆర్థర్‌ని పంపుతాడు. డౌన్స్ అనే జబ్బు మనిషిని ఆర్థర్ కొడతాడు, ఆయన దగ్గితే రక్తం ఆర్థర్ మొహం మీద పడుతుంది. అప్పుడు మనం పట్టించుకోం. గంటలకొద్దీ ఆడాక ఆర్థర్‌కి టీబీ అని డాక్టర్ చెప్తాడు.
మా నాన్న మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బోరు వేయించాడు, నీళ్లు పడలేదు. వసూలుకి వచ్చే ఆయన ఒక్కమాట గట్టిగా అనేవాడు కాదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగేవాడు, అంతే. అమ్మ చేతిలో చెంబు వణికేది. ఈ గేమ్‌లో మొదటిసారి నేను ఆ అరుగు మీద కూర్చున్న మనిషినయ్యాను.

మిర్యాల_మిల్లు:
ఒరేయ్! నేను ఇంకా నాలుగో ఛాప్టర్‌లో ఉన్నాను!! టీబీ అని ఎవరు చెప్పమన్నారు నిన్ను?

పాలమూరు_పిట్ట:
2018లో వచ్చిన గేమ్ తమ్మీ. ఇంకా ఎన్నాళ్లు దాచాలి?

మైక్రోస్కోప్_మామ:
నేను పదహారేళ్లుగా తెమడ పరీక్షలు చేస్తున్న మనిషిని. ఆ సీన్ సైన్స్ ప్రకారం తప్పు. మొహం మీద తుంపర పడగానే టీబీ అంటుకోదు. గాల్లో తేలే క్రిముల్ని పీల్చాలి, అదీ ఎక్కువమందికి ఒకే గదిలో చాలాకాలం కలిసుంటే వస్తుంది. సోకినా అందరికీ జబ్బుగా మారదు. నెలల్లోనే మనిషి అట్లా కుప్పకూలడం రచయితల తొందర.

క్వెస్ట్_గురు:
మామగారూ, దీన్ని కథనంలో "నాటి కోయడం" అంటాం. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో రెండేళ్లు పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ఆటగాడి క్రియకి, పాత్ర పతనానికి కారణ సంబంధం కనిపించాలి. అసలు కథారచన తెలిసినవాడెవడూ వైద్యం చూడడు.

టవర్‌కాడి_శీను:
గురూ, స్టూడియోలో ఏం పని?

క్వెస్ట్_గురు:
క్వెస్ట్ టెస్టింగ్. కథ ఎక్కడ తెగిపోతుందో మాకే ముందు తెలుస్తుంది.

టవర్‌కాడి_శీను:
అంటే గోడలోంచి మనిషి దూరిపోతున్నాడా లేదా చూసే పని. మంచిది.

మైక్రోస్కోప్_మామ:
"వైద్యం చూడడు" అంటే ఎట్లా? ఇవి చూసే మా బస్తీలో దగ్గేవాడి ఎదురుగా నిలబడరు. రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త 1882లోనే టీబీ క్రిమిని కనిపెట్టాడు, కథ 1899లో. అంటే ఆ డాక్టర్‌కి జబ్బేమిటో తెలుసు, ఇవ్వడానికి మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. ఆ భాగం కరెక్టుగా రాశారు, ఒప్పుకుంటాను. అంటించిన తీరే తప్పు.

పాలమూరు_పిట్ట:
మామా, మీకు స్లైడ్ తప్ప మనిషి కనబడడా? అక్కడ పాయింట్ వడ్డీ!

వనపర్తి_వాణి:
ఇద్దరూ కొంచెం ఆగండి. నాకు ఇంటర్‌లో టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వేసుకున్నాను, తగ్గిపోయింది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కానీ ఆ ఆరు నెలలూ మా పెద్దమ్మ నా పళ్లెం, గ్లాసు వేరే పెట్టింది. స్టీలు గ్లాసుకి గుర్తుగా ఎర్ర దారం కట్టింది. ఆర్థర్‌కి ఎంత తినిపించినా ఒళ్లు పట్టదు చూశారా, దగ్గు వచ్చినప్పుడు గుర్రం మీద వంగిపోతాడు చూశారా, అది నాకు తెలిసిన టీబీ. ఎట్లా అంటుకుందో నాకనవసరం. అదీగాక ఆ క్యాంపులో ఆయన గ్లాసుకి ఎవరూ దారం కట్టలేదు. నాకు ఏడుపొచ్చింది అక్కడే.

మైక్రోస్కోప్_మామ:
అమ్మా, పళ్లెం ద్వారా టీబీ రాదు. మీ పెద్దమ్మకి అప్పుడు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

వనపర్తి_వాణి:
చెప్పారు మామా. దారం మాత్రం తీయలేదు.

సాగర్_కట్ట:
అసలు ఆర్‌డీఆర్ 2, అదే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సీక్వెల్ కాదు కదా? 2010లో వచ్చిన మొదటి భాగం 1911లో జరుగుతుంది, ఇది దానికి పన్నెండేళ్ల ముందు. ముందు కథ. చర్చే తప్పు.

పాలమూరు_పిట్ట:
పేరు చివర 2 ఉంది. పోయి పడుకో.

సాగర్_కట్ట:
పేరు కాదు బ్రదర్, కాలం చూడాలి. ఆ మొదటి భాగం హీరో, ఇందులో ఆర్థర్ ముఠా మనిషి జాన్ మార్‌స్టన్ గతి ఏమవుతుందో మొదటి భాగం ఆడినవాళ్లకి ముందే తెలుసు. అందుకే ఆర్థర్ వాణ్ని తప్పించడానికి అంత తపన పడుతుంటే గుండె పిండేస్తుంది. ముందు కథ అవడమే దాని బలం అంటున్నా, తిట్టట్లేదు.

పాలమూరు_పిట్ట:
ఇది ముందే చెప్పొచ్చు కదా. సరే, ఒప్పుకుంటా.

చిందు_చావడి:
మా ఊరికి చిందు భాగవతం వచ్చేది. సుయోధనుడి వేషం కట్టినాయనకే ఈలలు ఎక్కువ. మయసభలో ఆయన జారిపడితే నవ్వినవాళ్లే, తర్వాత ఆయన తన బాధ పాడుకుంటే గమ్మున అయిపోయేవాళ్లు. అటువైపు మనిషి గోడు వినడం మనకేం కొత్త కాదు. ఆబీ మీద అంత లొల్లి ఎందుకో నాకర్థం కాలేదు. ఆ పాత్రకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపుతామని మెసేజ్‌లు పంపారు, సిగ్గుండాలి.

టవర్‌కాడి_శీను:
తేడా ఉందన్నా. సుయోధనుణ్ని మనం కింద కూర్చుని చూస్తాం. ఇక్కడ కిరీటం మన నెత్తిన పెట్టి, జోయెల్‌ని చంపినదాన్ని నువ్వే కాపాడు అంటారు. చెయ్యి రాదు. సముద్రం ఒడ్డున ఎల్లీకి, ఆబీకి జరిగే చివరి కొట్లాటలో నేను బటన్ నొక్కడం ఆపేశాను, ఎల్లీ చచ్చిపోయి మళ్లీ మొదలైంది. నేను వదిలేస్తే ఒప్పుకోదట, ఎల్లీ వదిలేదాకా నొక్కాల్సిందేనట. అదొక్కటే ఆ గేమ్ మీద నా కంప్లైంట్.

క్వెస్ట్_గురు:
అదే కదా దర్శకుల ఉద్దేశం. మీకు అర్థం కాలేదు.

టవర్‌కాడి_శీను:
అర్థమైంది గురూ. నచ్చలేదు. రెండూ వేరు.

బత్తాయి_తోట:
అన్నలూ... నా 1650 సంగతి?

సాగర్_కట్ట:
లాస్ట్ ఆఫ్ అస్ 2 పీసీకి 2025 ఏప్రిల్‌లో వచ్చింది. 1650 దానికి కనీస కార్డు, కానీ 16 జీబీ ర్యామ్ అడుగుతుంది. నీ 8తో వద్దు. ఆర్‌డీఆర్ 2 అయితే సెట్టింగులు తగ్గించుకుని ఆడొచ్చు. డిస్క్‌లో 150 జీబీ ఖాళీ చెయ్. కరెంటు పోయే టైమ్ చూసుకుని డౌన్‌లోడ్ పెట్టు.

వనపర్తి_వాణి:
ఈ రెండిట్లోనూ తెలుగు లేదు తమ్ముడూ. మా అత్తమ్మకి నేనే చెప్తాను. ఆర్థర్ ముఠా నాయకుడు డచ్ ఏం మాట్లాడినా "ఇంకొక్క పని చేస్తే మన కష్టాలు తీరతాయంటున్నాడు" అంటాను, సరిపోతుంది. ఆమె రెండో రోజుకే "వీడు మాటలోడు, నమ్మొద్దు" అంది. నాకు ఐదో ఛాప్టర్ దాకా పట్టింది.

మిర్యాల_మిల్లు:
డచ్ కూడానా!! ఈ పేజీ మళ్లీ తెరిస్తే చెప్పుతో కొట్టండి నన్ను.

బత్తాయి_తోట:
నాలుగు రోజులకి డౌన్‌లోడ్ అయింది. రాత్రి డౌన్స్ ఇంటికి వసూలుకి వెళ్లాను. మీరంతా ముందే చెప్పేశారు కదా, కొట్టకుండా వచ్చేద్దామని చూశాను. గేమ్ రానివ్వలేదు. ఆయన దగ్గాడు. అమ్మ వెనక నుంచి "మొహం కడుక్కోమను రా వాణ్ని" అంది.