తండ్రికి సెలవు బిల్లు: మేనేజర్‌కి చూపిస్తే పని జరుగుతుందా?

టెక్కలి అల్లుడు:
నమస్తే అండి. శ్రీకాకుళంలో ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని నాది. పోయిన నెల మాకు పాప పుట్టింది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తొలి కాన్పు కదా, మా ఆవిడ టెక్కలిలో పుట్టింట్లో ఉంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి. మావయ్య పొద్దున్నే పొలానికి వెళ్లిపోతారు. కుట్లతో ఉన్న మనిషిని మంచం మీంచి లేపాలి, పాపకి గుడ్డలు మార్చాలి, వేణ్నీళ్లు కాయాలి. ఇవన్నీ నేను చేయగలను. చేశాను కూడా, రెండు రోజులు. మూడో రోజు పొద్దున్న ఎనిమిదికల్లా మేనేజర్ ఫోన్: "నరసన్నపేట లైన్ ఎవరు చూస్తారు?" ఇంకో వారం సెలవు అడిగితే ఆఫీసంతా నవ్వు. "నువ్వేటి కన్నావేటిరా?" అన్నాడు మా సీనియర్. అప్పట్నుంచి రాత్రి డ్యూటీ దిగి బండి మీద టెక్కలి, తెల్లారగట్ల మళ్లీ శ్రీకాకుళం.

తండ్రులకి జీతంతో కూడిన సెలవు హక్కుగా ఉండాలని ఎంపీ సుప్రియా సూలే 2025 డిసెంబర్‌లో లోక్‌సభలో బిల్లు పెట్టారని వార్తల్లో చూశాను. అది ప్రింటు తీసి మేనేజర్ టేబుల్ మీద పెడితే పని జరుగుతుందా?

ఇంకో చిన్న విషయం. మా ఆవిడ జీటీ రోడ్డులో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో రెండున్నరేళ్లుగా చేస్తోంది. నెలకి 11,000. అక్కడ ఇరవై మందికి పైనే ఉంటారు. "ఎలాగూ ఇప్పట్లో రావు కదా, రాజీనామా రాసిచ్చెయ్, తర్వాత చూద్దాం" అంటున్నారు. ఈ వారంలో రాసి పంపాలి. ఎవరిదగ్గరైనా లెటర్ నమూనా ఉంటే పెట్టండి.

బొబ్బిలి మాస్టారు:
ముందు పాపకి ఆశీస్సులు. ప్రింటు ఖర్చు దండగ బాబూ. అది ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యురాలు సొంతంగా పెట్టింది. ఇలాంటివాటికి సభలో శుక్రవారం మధ్యాహ్నాలు కాస్త సమయం ఇస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ దారిలో చట్టాలైనవి మొత్తం 14. చివరిది 1970లో. అప్పటికి నేను పుట్టలేదు. ఇదే విషయం మీద 2017లో రాజీవ్ సాతవ్ అనే ఎంపీ కూడా బిల్లు పెట్టారు, అదీ ముందుకు కదల్లేదు.

అలాగని సూలే గారు చేసింది వృథా అనను. అమెరికాలో ప్యాట్రీషియా ష్రోడర్ అనే సభ్యురాలు చిన్నపిల్లల తల్లిగా కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, అడుగుపెట్టింది. ఈ సెలవు బిల్లు 1985లో పెడితే, మధ్యలో అధ్యక్షుడు రెండుసార్లు వీటో చేస్తే, 1993లో చట్టమైంది. వచ్చింది 12 వారాలు, అదీ జీతం లేకుండా! ఆ లెక్కన మన దగ్గర తల్లులకి చట్టం నయమే.

ప్రభుత్వోద్యోగిని కాబట్టి మా బాబు పుట్టినప్పుడు నాకు 15 రోజులు ఇచ్చారు. కేంద్ర ఉద్యోగులకీ అంతే. ప్రైవేటులో తండ్రికి చట్టం ఏమీ లేదు, కంపెనీ దయ. మీ సీనియర్‌కి మాత్రం ఒక మాట చెప్పండి. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు 2021 బడ్జెట్ సమావేశాలప్పుడు భార్య కాన్పు దగ్గర ఉండాలని సెలవు కోరారు. ఆయన్ని కూడా "నువ్వేటి కన్నావేటి" అని అడగమనండి.

కాశీబుగ్గ అక్క:
తమ్ముడూ, నీ సెలవు గురించి అంత రాశావు, అసలు విషయాన్ని 'ఇంకో చిన్న విషయం' అని చివర పడేశావు. ఆ రాజీనామా రాయించకు. నమూనా ఎవరు పెట్టినా తీసుకోకు.

నేను జీడిపిక్కల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు చేశాను. ముందు పొట్టు తీయడం, తర్వాత గ్రేడింగ్. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క. కిలోల లెక్కన కూలీ. నా రెండో కాన్పప్పుడు ఇదే మాట నాకూ చెప్పారు, "మానేసి వెళ్లు, మళ్లీ వచ్చినప్పుడు పెట్టుకుంటాం." పెట్టుకున్నారు కూడా, కొత్త మనిషిలాగా, మొదటి రోజు రేటుకి. 50 మంది దాటితే పిల్లల్ని చూసే గది ఉండాలని చట్టంలో ఉందట. నేను చూసిన గది, పిక్కల బస్తాల పక్కన దూలానికి కట్టిన చీర ఉయ్యాల. అది కూడా మేం కట్టుకున్నదే. చట్టం ఉందని నాకు తెలిసేసరికి నా చిన్నోడు మూడో తరగతి.

ఇప్పుడు విను. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే షాపు ఏదైనా సరే, కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన ఆడమనిషికి 26 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలి. మొదటి ఇద్దరు పిల్లల వరకు అంతే. 1961 చట్టాన్ని 2017లో మార్చి 12 వారాల్ని 26 చేశారు. ఆ చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు, 2025 నవంబర్ 21 నుంచి అదే అమలు. వారాలు మారలేదు. సెలవులో ఉన్న మనిషిని తీసేయడం కుదరదు. అందుకే కదా ఆవిడ చేతే రాయించుకుంటున్నారు! 11,000 లెక్కన ఆర్నెల్లకి 66 వేలు. ఆ ఒక్క కాగితం ఖరీదు అంత.

ముందే నోటీసు ఇవ్వకపోయినా పర్లేదు, కాన్పు తర్వాత ఇవ్వొచ్చు. డిశ్చార్జి కాగితం నకలు జతచేసి, రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపించు. ఒప్పుకోకపోతే కార్మిక శాఖ ఆఫీసు ఉంది.

రాజాం కొట్టు:
అక్కా, మీరు చెప్పింది బాగుంది గానీ మా వైపు నుంచి కూడా చూడండి. నాది ఫ్యాన్సీ, సామాన్ల కొట్టు, పన్నెండు మంది. అందులో ఏడుగురు ఆడపిల్లలు. ఏడాదికి ఇద్దరు కాన్పుకి వెళ్తే వాళ్లకి జీతం, వాళ్ల బదులు వచ్చినవాళ్లకి జీతం. రెండూ నేనే ఇవ్వాలంటే? చెప్పుకోవడానికి బాగోదు గానీ, కొత్త పెళ్లికూతురు పని అడిగితే ఆలోచిస్తున్నాను. మా ఊళ్లో చాలామంది నాలాగే ఆలోచిస్తున్నారు, పైకి అనరు.

కాశీబుగ్గ అక్క:
పైకి అన్నందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. యజమాని ఒక్కడి నెత్తినే పెడితే జరిగేది అదే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. సూలే గారి బిల్లు నాకు నచ్చింది అందుకే. కాన్పుకి మగాడు కూడా సెలవు పెట్టే రోజు వస్తే మీరు ఆడపిల్లని చూసి ఒక్కసారి, మగపిల్లాడిని చూసి ఒక్కసారి ఆలోచించాలి.

కానీ పన్నెండు మంది ఉన్నారంటే మీరు ఈఎస్‌ఐ, అదే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, కడుతున్నారా? జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి మీ వంతు 3.25 శాతం, వాళ్ల వంతు 0.75. అది సరిగా కడితే ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది, మీ గల్లాపెట్టెలోంచి పోదు.

రాజాం కొట్టు:
ఆడిటర్‌ని అడుగుతాను.

టెక్కలి అల్లుడు:
అక్కా, లెటర్ రాయడం ఆపేశాం. సగం రాసి ఉంచింది, నేనే చింపేశాను. నిజం చెప్పాలంటే నా వారం సెలవు గోలలో పడి ఆ 66 వేల సంగతి నాకు తట్టనే లేదు. మాస్టారూ, ఎంపీ గారి సంగతి మా సీనియర్‌కి చెప్పాను. "ఆయన ఎంపీ, నువ్వు కలెక్షన్" అన్నాడు.

ఒక డౌట్. ఈఎస్‌ఐ అనగానే మా ఆవిడ జీతం మెసేజ్‌లు పాతవన్నీ తీసి చూసింది. ప్రతి నెలా 83 రూపాయలు తక్కువ పడుతోంది. అడిగితే "ఏదో గవర్నమెంటు కోత" అనేవారట. కార్డు ఎప్పుడూ ఇవ్వలేదు.

బొబ్బిలి మాస్టారు:
11,000కి 0.75 శాతం లెక్కేయండి. 82 రూపాయల యాభై పైసలు, పై రూపాయికి సరిచేస్తే 83. ఆ కోత ఈఎస్‌ఐదే అనుకుంటా. పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు ఉండాలి, షోరూమ్ అకౌంటెంట్‌ని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనంటే ఆధార్ కార్డు, ఆ మెసేజ్‌ల ప్రింటు పట్టుకుని ఈఎస్‌ఐ ఆఫీసుకి వెళ్లండి. ఈసారి ప్రింటు ఖర్చు దండగ కాదు.