అశ్వతరం: గుర్రానికి పైనా, కిందా?

ప్రశ్న: ‘గురుతరం’ అంటే మరింత గొప్పది. ఆ లెక్కన ‘అశ్వతరం’ గుర్రాన్ని మించినది కావాలి. నిఘంటువేమో కంచరగాడిద అంటోంది. ఎక్కడో తేడా కొడుతోంది.

జవాబు: ఆ రెండు ‘తర’లూ ఒకటి కావండీ, వినడానికి ఒకేలా ఉంటాయి, అంతే. వత్స, ఉక్ష, అశ్వ, ఋషభ శబ్దాలకు పాణిని వేరే ప్రత్యయం చెప్పాడు (అష్టాధ్యాయి 5.3.91). అర్థం ‘తనుత్వం’, అంటే పలచబడటం. దూడతనం పలచబడిన దూడ వత్సతరం. గుర్రపుతనం పలచబడితే అశ్వతరం. తల్లి గుర్రమే, తండ్రి గాడిద.

అడిగినవారు: భలే! మరి శాంతిపర్వంలో ‘గర్భమశ్వతరీ యథా’ అని ఉంది. చావు కొనితెచ్చుకునేవాణ్ణి కడుపుతో ఉన్న కంచరగాడిదతో పోల్చారు. గొడ్డుదానికి కడుపెలా వస్తుంది?

ఇంకొకరు: దాదాపు రాదు. గుర్రానికి క్రోమోజోములు 64, గాడిదకు 62. పిల్లకు తల్లి నుంచి 32, తండ్రి నుంచి 31, వెరసి 63. ఒళ్లు పెరగడానికి ఇది అడ్డు కాదు. కణం ఉన్నవాటికి నకళ్లు తీసుకుంటే చాలు, అందుకే అంత దిట్టంగా బరువులు మోస్తుంది. చిక్కల్లా అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడే. అప్పుడు తల్లివైపు క్రోమోజోము తండ్రివైపు దానితో జతకట్టాలి. ఇక్కడ ఒకటి మిగిలిపోతుంది, తక్కినవాటి అమరికా కలవదు. జత కుదరని కణాలు మధ్యలోనే ఆగిపోతాయి. అయినా ఎప్పుడో ఒక ఆడది ఈనిన దాఖలాలున్నాయి. ఆ పోలిక కట్టినవారి చెవిన అలాంటిదేదో పడిందేమోనని నా ఊహ.

జవాబు: భారమంతా బేసి సంఖ్య మీదే వేయకండి. సింహానికీ పులికీ 38 చొప్పునే, అయినా మగ లైగర్లు (మగ సింహానికీ ఆడ పులికీ పుట్టినవి) గొడ్డువి. ఆడవి పిల్లల్ని కన్నాయి. సంకరంలో ఒక్క లింగమే దెబ్బతింటే అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్నదే అవుతుందని జీవశాస్త్రవేత్త హాల్డేన్ 1922లో గమనించాడు. క్షీరదాల్లో అది మగది, పక్షుల్లో ఆడది. అసలు సంకరమంటేనే గొడ్డు అనుకోవడం పొరపాటు, సంకరజాతి ఆవులు నిక్షేపంగా ఈనుతున్నాయి.

అడిగినవారు: మగదాన్ని ‘గొడ్డు’ అనొచ్చా? గొడ్రాలు, గొడ్డుటావు అని ఆడవాటికే విన్నాను.

ఇంకొకరు: నేనైతే ‘పిల్లలు పుట్టించలేనిది’ అని విడమరిచి రాస్తాను. ‘నపుంసకం’ మాత్రం వద్దు. మగ కంచరగాడిదకు కోరికకేం కొదవ లేదు, అందుకేగా విత్తులు కొట్టించేది!