మైన్‌స్వీపర్ ఇంకా ఎవరైనా ఆడుతున్నారా? అసలు ఆ గళ్లలో ఏముందని?

పాతకీబోర్డు:
మా స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ అంటే వారానికో పీరియడ్, ముగ్గురికో సిస్టమ్, నెట్ లేదు. పెయింట్, సాలిటైర్, మైన్‌స్వీపర్ తప్ప వేరే దిక్కు లేక ఆడాం, అంతవరకు అర్థమవుతుంది. కానీ ఇప్పటికీ ఆఫీసులో కాస్త ఖాళీ దొరికితే చెయ్యి అటే పోతోంది. అప్పటి ఆటలు ఇంకో రెండు మూడు వెతికి పట్టుకుని ఆడితే కాసేపటికే బోర్ కొట్టేశాయి, ఇది మాత్రం వదలట్లేదు. కథ లేదు, మ్యూజిక్ లేదు, ఉన్నదల్లా బాంబులు దాక్కున్న బూడిద రంగు గళ్లు, బాంబు తగలకుండా మిగతావన్నీ తెరవాలి, అంతే. ఇదంతా పాత రోజుల మీద మోజేనా, లేక ఆటలోనే ఏమైనా ఉందా?

జెండారాయుడు:
మోజొక్కటే అయితే మిగతావీ పట్టుకునేవి కదండీ. ఇందులో రూలు ఒక్కటే: గడిలో 3 ఉందంటే దాని చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో సరిగ్గా మూడు బాంబులు. అంతే, ఇక ఎవరూ ఏమీ నేర్పరు. ఆడగా ఆడగా ఒకరోజు తెరవని గళ్ల గోడ పక్కన వరసగా 1-2-1 కనబడుతుంది, లెక్క వెయ్యకముందే చెయ్యి రెండు 1ల ఎదురుగా బాంబు గుర్తుగా జెండాలు పాతి, 2 ఎదుటి గడి తెరిచేస్తుంది. 1-2-2-1 అయితే బాంబులు 2ల ఎదురుగా. ఆ క్షణం వచ్చే కిక్కు కోసమే నేను ఆడతాను. ఇక అన్నిటికంటే కష్టమైన ఎక్స్‌పర్ట్ బోర్డులో 480 గళ్లకు 99 బాంబులు, అంటే సుమారు అయిదింటికి ఒకటి. ఇంకాస్త తగ్గితే తేలిక, పెరిగితే గుడ్డి జూదం. ఆ అంకె ఎంచుకున్నవాళ్లకి దణ్ణం పెట్టాలి.

ఫిఫ్టీఫిఫ్టీ బాధితుడు:
జూదం ఇప్పుడు మాత్రం కాదా అన్నా? బోర్డంతా చెమటోడ్చి ఊడ్చేశాక చివర్లో మూలన రెండు గళ్లు మిగులుతాయి, ఒకదాంట్లో బాంబు, చుట్టూ ఉన్న అంకెలన్నీ రెండింటికీ ఒకేలా తగులుతుంటాయి, ఏ లెక్కా పని చెయ్యదు. కళ్లు మూసుకుని నొక్కడమే. బోర్డు పైనున్న ఆ పసుపు మొహం చచ్చిపోయినప్పుడు వచ్చే కోపం ఇంకే ఆటా తెప్పించలేదు నాకు. దీన్ని బుర్ర ఆట అంటే ఒప్పుకోను.

జెండారాయుడు:
అలాంటి మూల కనబడగానే ముందే నొక్కెయ్యి తమ్ముడూ, చివరిదాకా దాచుకోకు. పోతే రెండు నిమిషాలే పోతాయి.

పాతకీబోర్డు:
నిజం చెప్పాలంటే నాకు ఆ టెన్షన్ కూడా కావాలి. కానీ పోయింది నా పొరపాటు వల్లే అయ్యుంటే వెంటనే ఇంకో బోర్డు తెరుస్తాను, అదృష్టం వల్ల అయితే మూసేస్తాను. ఇది ఇప్పుడే తట్టింది.

డాస్‌తాత:
అయితే సైమన్ టాథమ్ పజిల్స్ అనే ఆటల కట్టలో 'మైన్స్' ఆడండి, ఉచితం, ఫోన్లో కూడా ఉంది. ఊహించే పని లేకుండా మొత్తం తర్కంతోనే తేలే బోర్డులే ఇస్తుంది. విండోస్ 8 నుంచి అసలుది సిస్టమ్‌తో రావడం మానేసింది, స్టోర్‌లో దొరికేదాంట్లో ప్రకటనల గోల. ఇంకోటి, ఈ ఆట చిన్నపిల్లలదేం కాదు: కొన్ని అంకెలిచ్చి అసలు ఇలాంటి బోర్డు సాధ్యమేనా అని తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ అని, అంటే వేగంగా తేల్చే పద్ధతి ఏదీ ఇప్పటికీ తెలియని కష్టమైన లెక్కల జాతి అని 2000లో రిచర్డ్ కే అనే గణితవేత్త నిరూపించారు.

అప్పట్లో ఒక దొంగదారి కూడా ఉండేది, ల్యాబులో సీనియర్లు చెవిలో చెప్పేవాళ్లు. ఆట తెరిచి ఎక్స్ వై జెడ్ జెడ్ వై అని టైప్ చేసి షిఫ్ట్, ఎంటర్ నొక్కితే, స్క్రీన్ ఎడమ పై మూలన ఒకే ఒక్క చుక్క మెరిసేది. మౌస్ కింద బాంబుంటే నలుపు, లేకపోతే తెలుపు.

ఫిఫ్టీఫిఫ్టీ బాధితుడు:
ఇన్నాళ్లూ ఎక్కడున్నారు తాతా మీరు!! విండోస్ ఎక్స్‌పీ వేసిన పాత డబ్బా ఒకటి అటక మీద ఉంది, దింపుతున్నా.

డాస్‌తాత:
దింపితే ఇదీ గుర్తుంచుకో. మొదటి క్లిక్ బాంబు మీద పడితే ఆ వెర్షన్ నిన్ను చంపదు, ఆ బాంబును తీసుకెళ్లి ఎడమ పై మూలన పెడుతుంది. అందుకే నేను ఆ మూల జోలికి తొందరగా వెళ్లను.