నల్లా నీళ్లు ఉచితమా, పాత పైపులు మార్చడమా: సర్కారు సొమ్ము ముందు దేనికి?

బస్తీ_నల్లా: హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఆ రాయితీ సొమ్ములో కొంత పాత గల్లీల పైపులు మార్చడానికి మళ్లించమని నగరానికి నీళ్లిచ్చే జలమండలికి వినతిపత్రం రాస్తున్నాం. ఏమంటారు?

గండిపేట_గట్టు: ఉచితం జోలికి పోవద్దు. 20 వేలంటే రోజుకు 667 లీటర్లు. అయిదుగురుంటే తలా 133. కేంద్రం పెట్టుకున్న ప్రమాణమే 135. ఇందులో విలాసమెక్కడుంది?

మీటర్_మాట: కొలిచేదెవరు? నోటిఫైడ్ బస్తీలు (సర్కారు గుర్తించిన మురికివాడలు) తప్ప మిగతావాళ్లకు నడిచే మీటరుంటేనే ఉచితం. మీటరు లేని చోట తాగిందెంతో కారిందెంతో తెలియదు. ముందు మీటర్లు బిగించండి.

బస్తీ_నల్లా: అన్నా, నేనడిగింది పైపుల గురించి. రోజు విడిచి రోజు నీళ్లొదిలే లైన్లో వాల్వు కట్టేశాక పీడనం పడిపోతుంది. జాయింట్లో సందుండి, పక్కన మ్యాన్‌హోల్ పొంగుతుంటే మురుగు లోపలికి పోతుంది. నల్లాకు మోటారు బిగిస్తే ఇంకా గుంజుకుంటుంది. 2009లో భోలక్‌పూర్‌లో ఆ మురుగు తాగే ప్రాణాలు పోయాయి. మీ మీటరు ఆపేదా?

మీటర్_మాట: ఆపదు, ఎక్కడ తవ్వాలో చెబుతుంది. సరిహద్దు వాల్వులు మూసి, లైను మొదట్లో పెద్ద మీటరు పెట్టి, రాత్రి 2 నుంచి 4 దాకా ప్రవాహం చూడండి. అప్పుడు పోయేదాంట్లో చాలావరకు లీకే.

బస్తీ_నల్లా: అది 24 గంటలూ నీళ్లుండే లైనుకు. ఇక్కడ నీళ్లొదిలినంతసేపూ సంపులు నిండుతుంటాయి. లీకేదో సంపేదో ఎట్ల తేలుతుంది? దానికన్నా క్లోరిన్ చూడండి. చివరి ఇంట్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాములుండాలి. వాల్వు దగ్గరుండి చివర లేకపోతే ఆ మధ్య ముక్కే అనుమానం.

మీటర్_మాట: పైపు పాతదై తుప్పుపట్టినా క్లోరిన్ తగ్గుతుంది. మురుగని రుజువు కాదు. 0.2 పట్టుకొని ఊగకండి.

ఫ్లాట్_302: ఉచితం తీసేస్తే మా ట్యాంకర్ ఖర్చు మీరిస్తారా?

బస్తీ_నల్లా: ఇదిగో, వచ్చారు! వంద ఫ్లాట్లకు ఒకే బల్క్ కనెక్షనున్నా ఫ్లాటుకు 20 వేల చొప్పున నెలకు 20 లక్షల లీటర్లు ఉచితం. నోటిఫై కాని గల్లీలో మీటరు చెడిపోయిన ఇంటికి చుక్క కూడా ఉచితం కాదు.

గండిపేట_గట్టు: అసలు మాట ఇప్పుడొచ్చింది. ఫ్లాట్ల దగ్గర తీసి గల్లీలకివ్వాలనే కదా మీ వినతి? అది ముందే రాయొచ్చుగా.

బస్తీ_నల్లా: అవును, అదే. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ఊళ్లకు కొత్త రిజర్వాయర్లు, కొత్త లైన్లు వేశారు. శంకుస్థాపన ఫలకం కొత్త లైనుకే పెడతారు, పాత పైపుకు ఎవరు పెడతారు భాయ్?

ఫ్లాట్_302: ఔటర్‌లో జనం బోర్ల మీద బతికారు సార్. వాళ్లూ ఆస్తిపన్ను కట్టినవాళ్లే.

గండిపేట_గట్టు: నాగార్జునసాగర్ నుంచి 100 కిలోమీటర్లకు పైగా పంపులతో తెచ్చిన కృష్ణా నీళ్లు జాయింట్లలో పోవడం నాకూ నచ్చదు. కానీ పైపుల డబ్బు పెట్టుబడి పద్దులోంచి రావాలి, పేదవాడి రాయితీలోంచి కాదు. ముందు పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జలమండలి సెక్షన్ల (స్థానిక ఆఫీసుల) వారీగా పైపు రకం, వ్యాసం, పొడవు, వేసిన ఏడాది, గత మూడేళ్లలో మంజూరైన అంచనాలు అడగండి. ఏ సెక్షన్‌కు సున్నా ఉందో కాగితం మీదే తేలుతుంది. వినతిలో మెయిన్ లైనొక్కటే రాస్తే నష్టం. ఇంటికెళ్లే పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు తీసి ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపు వేయాలని, రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చు అంచనాలోనే ఉండాలని రాయండి. లేకుంటే తవ్విన గుంట అట్లనే ఉంటుంది.

బస్తీ_నల్లా: దరఖాస్తు వేస్తాం. రాయితీ వాక్యం మాత్రం తీయం. కనీసం బల్క్ కనెక్షన్లకు పరిమితి పెట్టమంటాం.

ఫ్లాట్_302: అయితే మా అసోసియేషన్ సంతకం ఉండదు.

మీటర్_మాట: మీటర్ల వాక్యం లేకపోతే నాదీ ఉండదు.