పండగ సేల్‌లో మగ్గం సామాను: అనుకున్న డబ్బు దాటకుండా కొనడం ఎలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా ఇంట్లోనే మగ్గం పని (జాకెట్ల మీద చేతి ఎంబ్రాయిడరీ) చేస్తున్నాను. నెలకు ఆరేడు జాకెట్లు వస్తాయి, పెళ్లిళ్ల రోజుల్లో పది దాటుతాయి. ఏటా దసరా సేల్ మొదలవగానే సామాను కోసం నాలుగు వేలు పక్కన పెట్టుకుంటాను, కానీ కొంత వన్ టౌన్ దుకాణాల్లో, కొంత ఫోన్‌లో కొనేసరికి లెక్క ఎనిమిది వేల దగ్గర తేలుతోంది.

పోయిన దసరాకు కొన్నవన్నీ నిన్న బీరువా మీద నుంచి దించి చూశాను. ఇరవై నాలుగు రంగుల సిల్కు దారం పెట్టెలో పదిహేడు రీళ్లకు పైన చుట్టిన కాగితం కూడా ఊడలేదు. బంగారు జరీ రీళ్లు మూడింటిలో రెండు అంచుల దగ్గర నల్లబడ్డాయి. ప్రతి జాకెట్టుకూ పడే యాంటిక్ రంగు జర్దోసీ (స్ప్రింగులా చుట్టిన సన్నని లోహపు తీగ) మాత్రం రెండు నెలలకే అయిపోతే, మళ్లీ వెళ్లి పూర్తి ధర పెట్టి తెచ్చుకున్నాను. వద్దన్నది మిగిలిపోయి, కావలసింది చాలకపోవడం చూస్తే నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఆ డబ్బు రాత్రి పదకొండు దాకా మగ్గం ముందు కూర్చుని సంపాదించినది.

ఈ దసరాకు 5,000 రూపాయలు దాటనని ఇంట్లో మాట ఇచ్చాను. జాబితా రాసుకుని వెళ్లినా దుకాణంలో అడుగు పెట్టాక చేయి ఆగడం లేదు. ఈ పనిలో అనుభవం ఉన్నవారు ఎలా కొంటున్నారో దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1 (హైదరాబాద్, పద్నాలుగేళ్లుగా మగ్గం పని)

అమ్మా, మీరు ముందు డబ్బు అనుకుని తర్వాత సామాను చూస్తున్నారు. నేను మొదటి నాలుగేళ్లు అలాగే చేసి నష్టపోయాను. ముందు చూసుకోవలసింది ఆర్డర్ల పుస్తకం, ఆ తర్వాత పంచాంగం.

దసరా తర్వాత మిగిలిన ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం కలిపితే సుమారు ఎనభై రోజులు వస్తాయి. ఆ తర్వాత పుష్యంలో మన దగ్గర పెళ్లిళ్లు పెట్టుకోరు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ముహూర్తాలు ఇంకా తగ్గిపోతాయి, కాబట్టి ఆ ఏటి మూఢం తేదీలు తెలుసుకోకుండా నేను ఒక్క పొట్లం కూడా ఎక్కువ కొనను. దసరాకు కొనే సామాను ఆ ఎనభై రోజుల పనికి సరిపోతే చాలు. మాఘమాసం పెళ్లిళ్లకు అప్పటి గిరాకీని బట్టి మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇక తూకం. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి మగ్గం పక్కన పెట్టుకోండి. జాకెట్టు మొదలుపెట్టే ముందు జర్దోసీ, పూసలు, చమ్కీల పొట్లాలను తూచి, పని అయ్యాక మళ్లీ తూచి, తేడాను ఆర్డరు పక్కనే రాసుకోండి. చేతుల అంచు, వీపు మీద బుటాలు ఉన్న మామూలు జాకెట్టుకు నా చేతికి జర్దోసీ ఇరవై గ్రాముల దాకా పడుతుంది. కుట్టు దగ్గరగా వేసేవారికి ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి నా లెక్క మీకు పనికిరాదు, మీ చేతి లెక్కే మీరు తీయాలి. ఇలా ఐదారు జాకెట్లు తూచాక, ఎనభై రోజులకు ఏది ఎన్ని గ్రాములు కావాలో తెలుస్తుంది. మీ జాబితాలో ఇంతవరకు పేర్లు మాత్రమే ఉండి ఉంటాయి, పక్కన గ్రాములు ఉండి ఉండవు. చేయి ఆగకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

సిల్కు దారం సేల్‌లో అసలు కొనకండి. చీర చేతికి వచ్చాక, దాని కొంగునూ అంచునూ పగటి వెలుతురులో రీలు పక్కన పెట్టి చూస్తే తప్ప రంగు కలిసిందో లేదో తెలియదు, దుకాణంలోని ట్యూబులైటు కింద కలిసినట్టున్న మెరూన్ బయటికి వచ్చాక వేరే రంగుగా కనబడడం మనందరికీ అనుభవమే. అందుకే పెట్టెలో కొన్న రంగులు పెట్టెలోనే ఉండిపోతాయి. జరీ, జర్దోసీ గాలిలోని తేమకు నల్లబడతాయి, మీ ఊళ్లో వాన రోజుల్లో ఇంకా త్వరగా. జిగురు ఒకసారి మూత తీస్తే గట్టిపడడం మొదలవుతుంది. గాజు పూసలు, ఆరి (కొక్కెం) సూదులు, మగ్గం కర్రలు మాత్రం ఏళ్ల తరబడి చెడవు. సేల్ డబ్బు వీటి మీద పెట్టండి.

సమాధానం 2 (హైదరాబాద్, గతంలో హోల్‌సేల్ మెటీరియల్ దుకాణంలో పని)

బేగంబజారులో ఒక దుకాణంలో ఆరేళ్లు పనిచేశాను. మీకు కౌంటరు అవతలి సంగతి చెబుతాను. పండగ ముందు గుమ్మం దగ్గర పెద్ద బుట్టలో పెట్టే సరుకు చాలావరకు ఏడాదంతా కదలని రంగులే. రోజూ అమ్ముడయ్యే సరుకు మీద మా యజమాని పెద్దగా తగ్గించేవారు కాదు, తగ్గించవలసిన అవసరమూ ఉండేది కాదు. మీకు యాంటిక్ జర్దోసీ చాలకపోయి, దారం పెట్టె మిగిలిపోవడానికి ఇదీ ఒక కారణం.

భాద్రపదంలోనే, అంటే సేల్ బోర్డులు పెట్టక ముందే, మీకు నిత్యం పడే పది రకాల ధరలు గ్రాముల లెక్కన రాసుకోండి. పొట్లం ధరను పొట్లం ధరతో పోల్చవద్దు. 100 గ్రాములు 220 రూపాయలు ఉన్న చోట, పక్కనే అదే సైజులో కనిపించే 80 గ్రాముల పొట్లాన్ని 190కి పెడితే చేయి చౌకది అనుకుని దాని వైపే వెళ్తుంది, కానీ గ్రాము ధర మొదటిది 2.20, రెండోది 2.37 పైనే.

పెద్ద పొట్లం నిజంగా చౌకే అయినా మీకు అంత అవసరం లేకపోతే, మీ వీధిలో ఇదే పని చేసే ఇద్దరితో కలిసి కొని, ఇంటికి వచ్చి కాటా మీద పంచుకోండి. మా దుకాణానికి అలా ముగ్గురేసి వచ్చేవారు. ఒకరు వద్దంటే మిగిలిన ఇద్దరూ ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

సమాధానం 3 (గుంటూరు నుంచి)

ఫోన్‌లో కొనడం గురించి నాలుగు మాటలు చెబుతానండి, ఎందుకంటే నా డబ్బు ఎక్కువగా అక్కడే పోయేది. “ఇంకా పది నిమిషాలే”, “రెండే మిగిలాయి” అన్న అబద్ధపు తొందరను, మనం అడగని వస్తువును బుట్టలో కలపడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలలో నిషేధించింది. అలాంటి మోసపు పద్ధతులను ఆ మార్గదర్శకాలు 13 రకాలుగా పేర్కొన్నాయి. మీకు ఎదురైతే తెర ఫొటో తీసి పెట్టుకుని, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఉచిత డెలివరీ కోసం ఇంకో నూటయాభై రూపాయల సరుకు కలపడం మనం చేసే అతి సాధారణమైన పొరపాటు. నలభై రూపాయల డెలివరీ ఖర్చు కట్టేసినా మనకు నూట పది మిగులుతుంది. వడ్డీ లేని వాయిదాలు అని రాసి ఉన్నా, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంది, కొన్ని బ్యాంకులు ప్రాసెసింగ్ రుసుము కూడా తీసుకుంటాయి. ఐదు వేల సామానుకు వాయిదాల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అడిగినవారి మాట (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. కాటా కొన్నాను. మూడు జాకెట్లు తూచాను. అక్కగారు చెప్పినట్టే నా చేతి లెక్క వేరుగా ఉంది, నాకు జర్దోసీ ఇరవై ఏడు గ్రాములు పడుతోంది, అంటే ఇన్నాళ్లూ తక్కువ అంచనాతోనే కొన్నాను. కార్తీకం, మార్గశిరం ఆర్డర్లకు గ్రాములు వేసి చూస్తే మొత్తం 3,400 రూపాయలు తేలింది. మిగిలిన 1,600 చీరలు వచ్చినప్పుడు దారాలకు వాడుకోవాలని వేరే పర్సులో పెట్టాను.

నిన్న పక్కింటి ఆవిడతో కలిసి వన్ టౌన్ వెళ్లాను. గుమ్మం దగ్గర బుట్టలో చిలకపచ్చ కుందన్ రాళ్లు చాలా అందంగా ఉన్నాయి, పది నిమిషాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా పుస్తకంలో ఈ మూడు నెలల్లో చిలకపచ్చ చీర ఒక్కటీ లేదు. తిరిగి బుట్టలోనే పెట్టి వచ్చాను. బిల్లు 3,310 అయింది.

ఒక సందేహం మిగిలింది. నల్లబడిన ఆ రెండు జరీ రీళ్లను ఏం చేయాలి?

సమాధానం 1 (హైదరాబాద్)

చాలా సంతోషం అమ్మా. ఆ జరీని ఆర్డరు జాకెట్ల మీద వేయకండి, నెలలోపే మాట వస్తుంది. పని నేర్చుకునే పిల్లలు ఎవరైనా మీ దగ్గరికి వస్తుంటే గొలుసు కుట్టు సాధన చేయడానికి ఇవ్వండి. మిగిలిన మంచి రీలును మెత్తని కాగితంలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి పెట్టండి.